గోదావరి డెల్టా పెరట్లో కూరగాయలు: ముందు నీళ్లు బయటికి పోయే దారి చూడాలి

కోనసీమలో గానీ, భీమవరం, పాలకొల్లు వైపు గానీ పెరట్లో మొదటిసారి మొక్కలు వేసినవాళ్లకి ఎదురయ్యే అనుభవం దాదాపు ఒకేలా ఉంటుంది. తొలకరికి కడియం నర్సరీలకి వెళ్లి బొప్పాయి, నిమ్మ, మునగ, జామ మొక్కలు తెస్తారు. వీడియోల్లో చూపించినట్టు లోతుగా గొయ్యి తీసి, అడుగున ఎరువు నింపి నాటుతారు. రెండు నెలలు చూడముచ్చటగా ఎదుగుతాయి. ఆగస్టులో ముసురు పట్టి నాలుగు రోజులు కురిసి, తెరిపిచ్చి ఎండ కాసిన రోజున బొప్పాయి ఆకులు వేలాడిపోతాయి. మొక్క వాడింది కదా, నీళ్లు చాల్లేదేమో అని రెండు బకెట్లు పోస్తారు. మర్నాటికి ఇంకా వాలిపోతుంది, వారం తిరక్కుండానే మొదలు దగ్గర మెత్తబడి పడిపోతుంది. ఆ తర్వాత వినిపించే మాట, "మా చేత్తో వేస్తే ఏదీ బతకదండీ" అని.

చేతిలో ఏ దోషమూ లేదు. వేరుకి కూడా గాలి కావాలన్న సంగతి ఎవరూ చెప్పకపోవడం వల్ల వచ్చిన నష్టం ఇది. మట్టి రేణువుల మధ్య ఉండే సన్నటి ఖాళీల్లో గాలి ఉంటుంది, వేరు దాంతోనే ఊపిరి తీసుకుంటుంది. ఆ ఖాళీలన్నీ నీటితో నిండిపోతే ఆక్సిజన్ అందదు, ఎందుకంటే నీటిలో ఆక్సిజన్ పాకే వేగం గాలిలో కన్నా సుమారు పది వేల రెట్లు తక్కువ. ఊపిరాడని వేరు కుళ్లుతుంది, కుళ్లిన వేరు నీటిని పీల్చలేదు, కాబట్టి చుట్టూ నీళ్లున్నా పైన ఆకు వాడిపోతుంది. నీళ్లు చాలక వాడిన మొక్కా, నీళ్లు ఎక్కువై వాడిన మొక్కా చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కొత్తవాళ్లు పొరపడేది ఇక్కడే. తేడా తెలుసుకోవడం కష్టమేమీ కాదు. మొదలుకి ఒక జానెడు దూరంలో వేలు రెండు అంగుళాలు గుచ్చి చూస్తే తడి ఉందో లేదో తెలిసిపోతుంది. తడి ఉండి కూడా ఆకు వాలిందంటే నీళ్ల చెంబు పక్కన పెట్టి పార తియ్యాలి, ఆ నిలిచిన నీటికి దారి చెయ్యాలి.

ఈ సమస్య డెల్టాలోనే ఇంత ఎక్కువగా ఎందుకంటే, ఈ నేలని మనిషి వరి కోసం తయారు చేసుకున్నాడు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పని 1847లో మొదలై 1852 నాటికి పూర్తయింది. అప్పటినుంచి కాలవలు, పంట బోదెలు, చేల గట్లు అన్నీ నీటిని చేలో నిలబెట్టడానికి ఏర్పాటైనవే. సార్వా అనే వానాకాలం వరికీ, దాళ్వా అనే రెండో పంట వరికీ నీళ్లు నిలిచే ఉంటాయి. వరికి అది ఇబ్బంది కాదు, దాని కాండంలో, వేళ్లలో గాలి గొట్టాల్లాంటి ఖాళీలుంటాయి, ఆకు నుంచి గాలి వాటిగుండా వేరు దాకా దిగుతుంది. వంగకీ, మిరపకీ, బొప్పాయికీ ఆ ఏర్పాటు లేదు. పైగా ఒండ్రు కలిసిన నల్లటి బంకమట్టి, సముద్రమట్టానికి పెద్దగా ఎత్తు లేని నేల, వానాకాలంలో చాలా ఊళ్లలో నాలుగైదు అడుగులు తవ్వితే కనిపించే నీళ్లు. హైదరాబాద్ ఎర్రమట్టిలోనో బెంగళూరు మేడ మీదో మొక్కలు పెంచేవాళ్లు చెప్పే సలహాలు వాళ్ల నేలకి సరిపోతాయి. వాళ్ల బెంగంతా నీళ్లు చాలకపోవడం గురించి. ఇక్కడ ఏడాదిలో ఆరు నెలల పాటు బెంగ దానికి పూర్తిగా తలకిందులు.

డెల్టా రైతుకి ఇది కొత్త విషయమేం కాదు. చేలో వరి ఉంటే, కందులూ బెండలూ గట్టు మీద వేస్తారు. కంద వేసినా పసుపు వేసినా మట్టిని గట్టులా ఎత్తి వేస్తారు. కొబ్బరి తోటల్లో వరసల మధ్య బోదెలు తీసి నీళ్లు లాగేస్తారు. అంటే కూరగాయ అనేది ఈ నేలలో ఎప్పుడూ కాస్త ఎత్తు మీదే బతికింది. పెరట్లో చెయ్యాల్సిందీ అదే, చిన్న కొలతలో.

గొయ్యి కాదు, దిబ్బ

ముందు ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. అడుగు వెడల్పు, అడుగు లోతు గొయ్యి తీసి నిండా నీళ్లు పొయ్యండి. అవి ఇంకాక మళ్లీ నింపి చూడండి. రెండోసారి పోసిన నీళ్లు గంటకి అంగుళం కూడా దిగకపోతే ఆ నేలలో గొయ్యి తీసి మొక్క నాటకూడదు. డెల్టాలో పల్లపు ఇళ్లలో ఎక్కువ చోట్ల ఇదే ఫలితం వస్తుంది, తీరం దగ్గరి ఇసుక నేలల్లో, నది మధ్య లంకల ఒండ్రులో మాత్రం నీళ్లు చకచకా దిగిపోతాయి.

బంకమట్టిలో గొయ్యి తీసి దాన్ని గుల్లగా ఉండే ఎరువు మట్టితో నింపితే ఏమవుతుందో ఆలోచించండి. చుట్టూ నీళ్లు దిగని గోడ, మధ్యలో నీళ్లు తేలిగ్గా దిగే మట్టి. వాన పడగానే చుట్టుపక్కల నీళ్లన్నీ ఆ గోతిలోకే చేరతాయి, బయటికి మాత్రం పోలేవు. మొక్కకి మేలు చేద్దామని తీసిన గొయ్యి కుండీలా మారి, అడుగున కన్నం లేని కుండీలో మొక్క ఎలా చస్తుందో అలాగే చస్తుంది. పుస్తకాల్లో రాసే రెండడుగులు, మూడడుగుల గోతుల లెక్క మెట్ట నేలలకి రాసింది. పల్లపు పెరట్లో దాన్ని పాటించకపోవడమే మంచిది.

దానికి బదులు నేల మీదే మడి ఎత్తాలి. మూడడుగుల వెడల్పు ఉంటే రెండు వైపుల నుంచీ చెయ్యి అందుతుంది, కాలు పెట్టక్కర్లేదు. అడుగు ఎత్తు చాలు, బాగా పల్లమైతే అడుగున్నర. చుట్టూ కట్టడానికి ఇటుకలే ఉండాలని లేదు, కుళ్లు పట్టని కొబ్బరి మొద్దు చీల్చి వేసుకోవచ్చు, కొబ్బరి డొక్కలు వరసగా పేర్చుకోవచ్చు. రెండు మడుల మధ్య జానెడు లోతు కాలవ తీసి, ఆ కాలవ ఎటు పోతుందో చూసుకోవాలి, ఇది అందరూ మర్చిపోయే సంగతి. కాలవ గోడ దగ్గర ఆగిపోతే మడి ఎత్తినా ప్రయోజనం సగమే. వీధి కాలవలోకో, ఇంటి వెనక బోదెలోకో అది దిగాలి. పండ్ల మొక్కకైతే మడి అక్కర్లేదు, మూడు నాలుగు అడుగుల వెడల్పున, అడుగున్నర ఎత్తున దిబ్బ పోసి దాని నెత్తిన నాటితే చాలు.

ఇక మట్టి. కొత్త ఇళ్లలో పెరటి మట్టి అసలు ఆ ఊరి మట్టే కాదు. చేలు ఇళ్ల స్థలాలైనప్పుడు మెరక కోసం గ్రావెల్ తోలతారు, చెరువు మట్టి తోలతారు, ఇల్లు కట్టాక మిగిలిన సిమెంటు పెచ్చులూ ఇటుక ముక్కలూ అందులోనే కలిసిపోతాయి. అలాంటి చోట మొక్క ఎదగలేదంటే ఒకసారి గునపంతో తవ్వి కింద ఏముందో చూసుకోవాలి. గ్రావెల్ ఉంటే దాన్ని బాగుచేసే ప్రయత్నం మానేసి, పైన మంచి మట్టితో మడి కట్టుకోవడం తేలిక.

బంకమట్టి గుల్లబారడానికి చాలామంది గోదావరి ఇసుక కలుపుతారు. కొద్దిగా కలిపితే మేలు జరగదు సరికదా, ఆరాక ఇంకా గట్టిపడుతుంది. ఆ మట్టిని మార్చేది కుళ్లిన ఆకూ, మాగిన పశువుల ఎరువూ, ఊకా. ఊక రైస్ మిల్లుల పుణ్యమా అని ఇక్కడ దొరకని ఊరు లేదు. అందులో సిలికా ఎక్కువ కాబట్టి తొందరగా చివకదు, ఆ మధ్యకాలమంతా మట్టిని విడదీసి ఉంచుతుంది. మిల్లు బూడిద మాత్రం క్షార గుణం ఉన్నది, పిడికెళ్లతో వెయ్యాలి గానీ గంపలతో కాదు. తవ్వడం కూడా పదును మీదే, అంటే తడి కొంచెం ఆరాకే, తవ్వాలి. కాళ్లకి అంటుకునే తడిలో తవ్వితే ఆ బెడ్డలు ఆరాక ఇటుకలవుతాయి, ఆ ఏడాదికి ఇక వాటితో ఏమీ చెయ్యలేం.

కొబ్బరి పొట్టు గురించి వేరే చెప్పాలి, ఎందుకంటే బజార్లో ఇటుకల్లా అమ్మే కోకోపీట్‌కీ, పీచు మిల్లు పక్కన గుట్టపోసి ఉండే పచ్చి పొట్టుకీ చాలా తేడా ఉంది. పచ్చి పొట్టులో కర్బనం చాలా ఎక్కువ, నత్రజని చాలా తక్కువ. దాన్ని నేరుగా మట్టిలో కలిపితే, దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మట్టిలో ఉన్న నత్రజనిని వాడేసుకుంటాయి, మొక్క పాలిపోయి గిడసబారిపోతుంది. ఉప్పు నీళ్లలో నానిన డొక్కల పొట్టయితే ఉప్పు కూడా ఉంటుంది. రెండు మూడుసార్లు నీళ్లతో కడిగి, పేడ కలిపి నాలుగైదు నెలలు మాగనిచ్చి వాడితే దాన్ని మించినది లేదు. మడి పైన పరచడానికైతే పచ్చిదైనా ఫర్వాలేదు, లోపలికి మాత్రం కలపకూడదు.

పేడ కుప్ప విషయంలో కోనసీమవాళ్లకి ఇంకో జాగ్రత్త ఉంది. కొబ్బరి మొవ్వుని కొరికే కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది మాగుతున్న పేడలోనూ, కుళ్లిన కొబ్బరి మొద్దుల్లోనూ. అందులోంచి వచ్చే తెల్లటి, లావాటి, వంకర తిరిగిన పురుగుల్ని చూసి వానపాముల్లా మేలు చేసేవి అనుకుని వదిలేసేవాళ్లున్నారు. కుప్పని నెలకోసారి తిరగేసి వాటిని ఏరెయ్యాలి. లేకపోతే నాలుగు వంగ మొక్కల కోసం పెంచిన ఎరువు పక్కింటివాళ్ల కొబ్బరి చెట్టుకి చేటు తెస్తుంది. ఈ పురుగుని చంపే మెటారైజియం అనే శిలీంద్రం ఉంది, అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో అడిగితే దాన్ని వాడే పద్ధతి చెబుతారు.

కొబ్బరి నీడలో ఏం వెయ్యాలి

కాయ కాయాలంటే రోజుకి ఆరు గంటల ఎండ ఉండాలి. వంగ, బెండ, టమాటా, మిరప, పాదులు, అన్నిటికీ ఇదే లెక్క. కొబ్బరి చెట్ల కింద అంత ఎండ రాదు, వచ్చినా చెట్టు మొదలు నుంచి ఆరడుగుల లోపు నేలంతా కొబ్బరి వేళ్లదే. ఆ చోట వంగ నాటి కాయలేదని బాధపడే బదులు కంద, చేమ, అల్లం, పసుపు, బచ్చలి వేసుకుంటే ఆ నీడే కలిసొస్తుంది. గోదావరి జిల్లాల పెళ్లి భోజనంలో కంద బచ్చలి కూర ఉండటం ఏదో రుచి కోసమే వచ్చిన అలవాటు కాదనిపిస్తుంది, రెండూ ఒకే పెరట్లో, ఒకే నీడలో, పెద్దగా పని చెప్పకుండా పండుతాయి. కందలో దేశమంతా వేసే గజేంద్ర రకం మన కొవ్వూరు పరిశోధన స్థానం నుంచి వచ్చిందే, దురద ఉండదు. దుంప ముక్కని వేసవి చివర్లో నాటితే ఏడెనిమిది నెలలకి ఆకు పండి వాలిపోతుంది, అప్పుడు తవ్వుకోవాలి. చేమ కాస్త నీటి ఊటని ఓర్చుకుంటుంది, కంద ఓర్చుకోదు, దానికి దిబ్బ ఉండాల్సిందే.

కొబ్బరి కింద ఆకులన్నీ నల్లటి మసి పట్టినట్టు కనిపిస్తే కింది మొక్కకి తెగులు వచ్చిందని మందు కొట్టకండి. పైన కొబ్బరాకుల అడుగున తెల్లటి చుట్టలు చుట్టలుగా మైనం పూసినట్టు ఉందేమో చూడండి. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి దగ్గర మొదట కనిపించి ఆ తర్వాత ఇక్కడి తోటలకీ వచ్చిన సర్పిలాకార తెల్లదోమ అది. అది కార్చే తీపి జిగురు కిందకి రాలి, దాని మీద మసి పెరుగుతుంది. కింది మొక్కని నీళ్లతో కడిగితే సరిపోతుంది. ఘాటైన పురుగుమందులు కొడితే ఆ దోమని తినే పరాన్నజీవులు ముందు చచ్చిపోతాయి, దోమ ఇంకా పెరుగుతుంది.

ఎప్పుడు ఏది

కొత్తవాళ్లు ఏం వెయ్యాలని అడుగుతారు గానీ ఎప్పుడు వెయ్యాలని అడగరు. విత్తనం ప్యాకెట్ మీద ఏడాదంతా అని రాసి ఉన్నా నమ్మక్కర్లేదు. చిక్కుడు తీసుకోండి. పందిరికి పాకే మన నాటు చిక్కుడు పగటి పొద్దు తగ్గితేనే పూస్తుంది. జూలై, ఆగస్టుల్లో విత్తితే తీగ బలం పుంజుకునేసరికి పొద్దు తగ్గుతుంది, కార్తీకం దాటాక పూత, సంక్రాంతికి కోసినన్ని కాయలు. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం చేసి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టే ఆచారం ఆ కాలానికి ప్రతి పెరట్లో చిక్కుడు పాదు ఉండేది కాబట్టే వచ్చి ఉంటుంది. అదే విత్తనం ఫిబ్రవరిలో వేస్తే పందిరంతా ఆకులే, ఒక్క పువ్వు రాదు, ఎన్ని ఎరువులేసినా రాదు. పొద చిక్కుడు రకాలకి ఈ పట్టింపు లేదు.

టమాటాది ఇంకో లెక్క, దానికి రాత్రి చల్లదనం కావాలి. రాత్రి ఉష్ణోగ్రత 24 డిగ్రీలు దాటితే పువ్వు సరిగ్గా కాయ కట్టదు, రాలిపోతుంది. మన దగ్గర మార్చి చివరి నుంచి రాత్రులు ఉక్కే. అక్టోబరులో చూరు కిందో, షెడ్డులోనో నారు పోసుకుని, నవంబరు తుపాన్ల రోజులు దాటుతుండగా నాటితే జనవరి నుంచి కాయలు కోసుకోవచ్చు. క్యాబేజీ, కాలీఫ్లవర్, కొత్తిమీర, మెంతికూర, పాలకూరలకీ ఆ మూడు నాలుగు నెలలే బాగుంటాయి. కొత్తిమీర ఏప్రిల్లో వేస్తే ఆకు రాకముందే పూతకి వస్తుంది.

మృగశిర కార్తె వచ్చాక, అంటే జూన్ రెండో వారం నుంచి, ఆనప, బీర, పొట్ల, కాకర పాదులు పెట్టుకోవచ్చు, బెండ, గోంగూర విత్తుకోవచ్చు. సెప్టెంబరు చివరి నుంచి నవంబరు మధ్య దాకా కొత్తగా ఏదీ నేలలో వెయ్యకపోవడం మంచిది, ఉన్నవాటిని కాపాడుకుంటే చాలు. 1996లో కోనసీమని తుడిచిపెట్టిన తుపాను నవంబరు 6నే తీరం దాటింది. పందిరి గట్టిగా వేసుకోమని చెప్పడం ఆ నెలల కోసమే.

మొదటి ఏడాది ఏవి వేస్తే నిరాశ ఉండదంటే తోటకూర, గోంగూర, బచ్చలి, దొండ. తోటకూర ముప్పై రోజుల్లో కోతకి వస్తుంది. దాని విత్తనం ఆవగింజ కన్నా చిన్నది, పొడి ఇసుకలో కలిపి చల్లి, పైన పలచగా ఊక జల్లాలి, లేదంటే ఒక్క వానకి బంకమట్టి పైన పెచ్చు కట్టి మొలక పైకి రాలేదు. దొండకి విత్తనంతో పని లేదు, బాగా కాసే తీగ నుంచి పెన్సిల్ లావు ముక్క కోసి గుచ్చితే ఏళ్ల తరబడి కాస్తుంది. కాబట్టి ఎవరి పెరట్లోనో బాగా కాసే దొండ కనిపిస్తే మొహమాటపడకుండా ముక్క అడిగి తెచ్చుకోవాలి.

పువ్వులన్నీ రాలిపోతున్నాయండీ

ఆనప, బీర పాదులు పెట్టినవాళ్లందరూ పడే టెన్షన్ ఇది. పది, పదిహేను రోజులు పువ్వులు పూసి రాలుతూనే ఉంటాయి, ఒక్క పిందె నిలవదు. నిజానికి అందులో కంగారు పడాల్సిందేమీ లేదు, ముందు పూసేవన్నీ మగ పువ్వులు. సన్నటి కాడతో ఉంటే మగది, కాడ దగ్గర చిన్న కాయ ఆకారం ఉంటే ఆడది. ఆడ పువ్వులు వచ్చాక కూడా పిందెలు పసుపుపచ్చగా మారి రాలుతుంటే అప్పుడు పుప్పొడి అందలేదని అర్థం, అది మనం చేత్తో అందించొచ్చు. కానీ ఎప్పుడన్నది ముఖ్యం. ఆనప, బీర పువ్వులు విచ్చుకునేది సాయంత్రం, సంధ్య వేళ. కాకర, దోస పువ్వులు పొద్దున్నే విచ్చుకుంటాయి. పొద్దున్న తొమ్మిదింటికి వెళ్లి ఆనప పువ్వుకి పుప్పొడి రాస్తే ఫలితం ఉండదు, అప్పటికే అది వాడిపోయి ఉంటుంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళ అప్పుడే విచ్చిన మగ పువ్వు కోసి, రేకులు తీసేసి, ఆడ పువ్వు మధ్యలో రెండుసార్లు తాకిస్తే సరి. మూడు రోజుల్లో పిందె కిందకి వంగి లావెక్కుతుంది.

ఎండలు ముదిరినప్పుడూ, నత్రజని ఎరువు ఎక్కువైనప్పుడూ మగ పువ్వులే ఎక్కువ వస్తాయి. యూరియా వేసి ఆకు నల్లగా నిగనిగలాడుతుంటే సంతోషించే కన్నా చెయ్యి కాస్త వెనక్కి తీసుకోవడం నయం. పిందె నిలిచాక పండు ఈగ పొడిచి లోపల పురుగు పడుతుంది, ముఖ్యంగా కాకరలో, బీరలో. పిందెకి పాత కాగితం సంచీ తొడిగితే చాలు, ఇంటి పంటకి మందు అక్కర్లేదు. పొడిచిన కాయని పాదు కింద పారెయ్యకూడదు, కవర్లో కట్టి ఎండలో పెట్టెయ్యాలి, లేకపోతే లోపలి పురుగు మట్టిలోకి దిగి ఈగై మళ్లీ వస్తుంది.

వంగలో లేత కొమ్మ చివర ఒక్కటే వాడిపోయి వేలాడుతుంటే లోపల కాయ తొలిచే పురుగు ఉన్నట్టే. వాడిన చోటుకి రెండు అంగుళాల కింద కోసి నలిపెయ్యాలి, ఇది వారానికోసారి చేస్తే సగం కాయలు దక్కుతాయి. బెండ ఆకు ఈనెలు పసుపుపచ్చగా వల అల్లినట్టు కనిపిస్తే అది పల్లాకు తెగులు, మందు లేదు, మొక్క పీకెయ్యాలి. పీకడానికి మనసొప్పక ఉంచితే తెల్లదోమ దాన్ని మిగతావాటికి అంటిస్తుంది. మిగిలిన పురుగులకి లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి సాయంత్రం పూట కొడితే ఇంటి మట్టుకు సరిపోతుంది.

పండ్లలో అరటి ముందు

డెల్టా పెరట్లో మొదటి పండ్ల మొక్క అరటి కావాలి. ఏడాదికి గెల, పువ్వు కూర, దూట కూర, భోజనానికి ఆకు. పిలక ఎంచుకోవడంలోనే కాపు సగం తేలిపోతుంది. ఆకులు సన్నగా కత్తిలా ఉన్న పిలకకి తల్లి దుంపతో గట్టి సంబంధం ఉంటుంది, బలంగా వస్తుంది. చిన్నగా ఉండగానే వెడల్పాటి ఆకులు వేసిన నీటి పిలక చూడ్డానికి బాగుంటుంది గానీ వెనకబడుతుంది. కర్పూర చక్కెరకేళి మొరటుది, కొత్తవాళ్ల పొరపాట్లని ఓర్చుకుంటుంది. అమృతపాణి రుచి గొప్పదే గానీ పనామా తెగులుకి లొంగిపోతుంది. తల్లి చెట్టు పక్కన ఒక్క పిలకనే ఉంచి మిగతావి ఎప్పటికప్పుడు కోసెయ్యాలి. ఇళ్లలో గెలలు చిన్నవి రావడానికి కారణం దాదాపు ఎప్పుడూ గుంపుగా వదిలేసిన పిలకలే. స్నానాల నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు అరటికి మళ్లించే పాత పద్ధతి మంచిదే, అవి పారాలి గానీ మొదట్లో మడుగు కట్టకూడదు.

జామ బంకమట్టినీ, ఒకటి రెండు రోజుల నీటినీ తట్టుకుంటుంది, రెండోది అదే వెయ్యొచ్చు. లక్నో 49 గానీ, కడియంలో ఎక్కువగా అమ్ముతున్న తైవాన్ పింక్ గానీ పెరటికి సరిపోతాయి. నిమ్మకీ బొప్పాయికీ మునగకీ దిబ్బ లేకుండా డెల్టాలో చోటు లేదు. బొప్పాయి ఒకటి రెండు రోజులు నీళ్లలో నిలిస్తే చాలు, పోతుంది. నిమ్మకైతే మొదలు దగ్గర బెరడు పగిలి జిగురు కారుతుంది, మట్టి మొదలుకి ఎగదోయడం వల్లే ఎక్కువగా అలా జరుగుతుంది. అంటు కట్టిన ముడి ఎప్పుడూ మట్టికి జానెడు పైన ఉండాలి. కడియం నుంచి తెచ్చే మొక్కకి కవర్లో ఎర్రమట్టి గడ్డ ఉంటే, అది అలాగే నల్లమట్టిలో పెట్టకుండా చుట్టూ కొంచెం గీరి వేళ్లు వదులు చేసి నాటాలి. లేకపోతే ఏడాదైనా వేళ్లు ఆ గడ్డలోనే చుట్టుకుంటూ ఉంటాయి.

అంతర్వేది, మలికిపురం, మొగల్తూరు వైపు శివారు ఊళ్లలో మాత్రం కథ వేసవిలో మారిపోతుంది. దాళ్వా కోతలయ్యాక కాలవలు కట్టేస్తారు, బోరు నీళ్లు ఉప్పగా మారతాయి, రొయ్యల చెరువులు దగ్గరుంటే ఇంకా ఎక్కువ. ఆకు అంచులు కాల్చినట్టు మాడటం, మట్టి పైన తెల్లటి పొర తేలడం దాని గుర్తులు. చిక్కుడు, నిమ్మ ఉప్పుని అసలు ఓర్వవు. పాలకూర, సపోటా, కొబ్బరి ఓర్చుకుంటాయి. అలాంటి ఊళ్లలో వేసవికి కుండీల్లో పది మొక్కలే ఉంచుకుని, వాటికి మంచినీళ్లే పోసి, మిగతా మడుల్ని గడ్డి కప్పి ఖాళీగా వదిలెయ్యడం తెలివైన పని. జూన్, జూలై వానలకి ఆ ఉప్పు కరిగి కిందకి దిగిపోతుంది, అదీ మడి ఎత్తుగా ఉంటేనే. నేల మట్టంగా ఉంటే కరిగిన ఉప్పు అక్కడే ఉండిపోతుంది.

పెరడే లేనివాళ్లకి డాబా ఉంది. పెయింటు బకెట్‌కి అడుగున అయిదారు కన్నాలు పెట్టి ఇటుకల మీద ఎత్తి ఉంచితే నీరు నిలవడం అనే బెడద అక్కడ సగం తీరినట్టే. బరువు లెక్క చూసుకోవాలి, తడిసిన మట్టి ఘనపుటడుగు 45 కిలోలకి పైనే తూగుతుంది. అందుకే బంకమట్టి ఒక వంతుకి మించకుండా, మాగిన పొట్టూ ఎరువూ చెరో వంతు కలుపుకోవాలి, కుండీలన్నీ శ్లాబు మధ్యలో కాక దూలాల మీదా, గోడల వెంబడీ పెట్టుకోవాలి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు అవన్నీ దింపి పిట్టగోడ మూలకి చేర్చాలి, పందిరి మీద ముదిరిన కాయలన్నీ కోసెయ్యాలి, అరటికి వెదురు పోటు పెట్టాలి, మడుల మధ్య కాలవల్లో అడ్డుపడ్డ ఆకు తీసెయ్యాలి. 2022 జూలైలో లంకల్ని ముంచిన లాంటి వరద పెరట్లోకి వస్తే, నీళ్లు తీశాక మడి మీద మిగిలిన ఆకుకూరల్ని తినకూడదు, మరుగుదొడ్ల నీరూ అందులో కలిసి ఉంటుంది. వాటిని పీకి కుప్పలో వేసి, మడి పైన కట్టిన ఒండ్రు పెచ్చుని పదును రాగానే విరగ్గొట్టి, మళ్లీ తోటకూర చల్లుకోవచ్చు.